ఇంటి బీరు పాత్రల శుద్ధి మందులు: లేబుల్‌ రంగు కన్నా సరకు గుణమే ప్రధానం

అమెరికా, బ్రిటన్‌ దేశాలలో ఇంటి వాడుకకు బీరు తయారు చేసుకొనేవారికి సరుకులు అమ్మే దుకాణాలలో మాల్టు, హాప్స్, ఈస్టులతో పాటు ఏడాది పొడవునా గిరాకీ ఉండే సరకు పాత్రల శుద్ధి మందు. బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు నిబంధన 1963లో తొలగింది. అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్‌ సంతకం చేసిన చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా అనుమతించింది. సాధారణంగా ఒక విడతకు కాచేది 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు. పాత్రలో మురికి మిగిలితే ఆ 19 లీటర్లూ పులిసి పారబోయవలసినదే. ఖాతాదారు ముందుగా నిందించేది మందు అమ్మిన దుకాణాన్నే.

ఇటీవల ఈ సరకులో ‘పర్యావరణ హితం’ అన్న ముద్రకు మంచి ఆదరణ కనబడుతున్నది. అయితే ఆ ముద్ర కింద అమ్ముడయ్యే సరకులన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని కడిగే మందులు, కొన్ని క్రిములను చంపే మందులు. ఈ రెంటినీ కలగలిపి అమ్మడం వల్లనే ఎక్కువ ఫిర్యాదులకు ఆస్కారం కలుగుతుంది.

పెర్కార్బొనేటు

సోడియం పెర్కార్బొనేటు నీటిలో పడగానే సోడా యాష్, హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌గా విడిపోతుంది. చివరకు మిగిలేది సోడా, నీరు, ఆక్సిజన్‌ మాత్రమే. పర్యావరణం రీత్యా దీనికి వంక పెట్టలేము. పాత్రకు అంటిన మడ్డిని బాగా వదలగొడుతుంది. కాని ఇది ముఖ్యంగా కడిగే మందు. కడిగిన తర్వాత క్రిమి సంహారానికి వేరొక మందు వాడవలసి ఉంటుంది.

అయొడిన్‌ మందు

1.6 శాతం అయొడిన్‌ గల మందు 15 మిల్లీలీటర్లు 19 లీటర్ల నీటికి సరిపోతుంది. అప్పుడు పది లక్షల పాళ్లలో పన్నెండున్నర పాళ్ల అయొడిన్‌ ఉంటుంది. రెండు నిమిషాలు తడిసి ఉంటే చాలు, మళ్లీ కడగనక్కరలేదు. నీటి ఖర్చు తగ్గుతుంది. ప్లాస్టిక్‌కు మాత్రం మరక పట్టిస్తుంది. ఇందులో గమనించవలసినది అయొడిన్‌ కన్నా దానిని మోసే సబ్బు పదార్థం. కొన్ని రకాలలో నోనైల్‌ఫినాల్‌ ఎథాక్సిలేట్లు వాడేవారు. ఇవి విడిపోయి చేపలకు హాని చేసే పదార్థంగా నీటిలో నిలిచిపోతాయి. శుద్ధి మందులలో వీటి వాడకాన్ని యూరప్‌ 2005 నుంచి కట్టడి చేసింది. కనుక కొనేముందు ఈ పేరు ఉన్నదీ లేనిదీ చూచుకోవలెను.

ఆమ్ల మందులు

ఫాస్ఫారిక్‌ ఆమ్లంతో చేసిన నురుగు మందు 19 లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు చాలు. ఇదీ కడగనక్కరలేని రకమే. స్వచ్ఛమైన నీటితో కలిపితే అనేక రోజులు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చును. కఠిన జలంలో తెల్లబడి, బలం తగ్గుతుంది. ఫాస్ఫేటు చెరువులలో నాచు పెంచుతుందన్నది దీనిపై గల విమర్శ. ఇంటి వాడుకలో పారబోసే పరిమాణం తక్కువ.

పెరాసిటిక్‌ ఆమ్లం చివరకు వెనిగర్‌లోని ఆమ్లం, నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. పెద్ద బ్రూవరీలు దీనిని విరివిగా వాడుతున్నాయి. అయితే చిక్కటి మందు ఘాటు తీవ్రమైనది, చర్మాన్ని కాలుస్తుంది. ఇంటి చిల్లర అమ్మకానికి అంత అనువైనది కాదు.

బ్లీచింగ్‌ ద్రావణం అన్నింటికన్నా చౌక. కాని బీరులో మందు వాసన పుట్టిస్తుంది, స్టెయిన్‌లెస్‌ స్టీలును తింటుంది, నీటిలో క్లోరిన్‌ సమ్మేళనాలను మిగులుస్తుంది. బాగా కడగవలసి ఉన్నందున నీరూ ఎక్కువే అవుతుంది. ఆమ్ల మందులతో కలిపితే విషవాయువు వెలువడుతుంది. కావున ఈ రెండు సరకులను ఒకే అరలో ఉంచరాదు.

ధర, నిల్వ

సీసా ధర చూచి బేరమాడితే మోసపోయే అవకాశమున్నది. 19 లీటర్ల విడతకు ఎంత పడుతుందో లెక్క కట్టడమే సరియైన పద్ధతి. పలుచని మందు కొంటే రవాణా ఖర్చు నీటికే పోతుంది.

ప్రపంచంలో అయొడిన్‌ ఉత్పత్తిలో అధిక భాగం చిలీ, జపాన్‌లదే. ఎక్స్‌రే పరీక్షల మందులకు గిరాకీ హెచ్చితే శుద్ధి మందుల ధర కూడా కదులుతుంది. 2011, 2012లలో అయొడిన్‌ బాగా ఎక్కి, తర్వాత దిగి, 2022 నాటికి తిరిగి పుంజుకున్నది. పెర్కార్బొనేటుకు ఇట్టి ఒడుదుడుకులు తక్కువే అయినా చెమ్మ, వేడి దానికి శత్రువులు. రవాణాలో దానిని ఆక్సిజన్‌ వదిలే ప్రమాదకర సరకుగా లెక్కిస్తారు. బ్లీచింగ్‌ ద్రావణం ఎండాకాలం గోడౌన్‌లో నెలల తరబడి ఉంటే సీసాపై రాసిన బలం లోపల ఉండదు.

అమెరికాలో క్రిములను చంపుతుందని చెప్పుకొనే మందుకు పర్యావరణ సంరక్షణ సంస్థ రిజిస్ట్రేషన్‌ నంబరు లేబుల్‌పై ఉండవలెను. అటువంటి లేబుల్‌పై ‘విషరహితం’ వంటి మాటలకు అనుమతి లేదు. ఆధారం చూపని ‘పర్యావరణ హితం’ ప్రచారం తగదని అక్కడి వాణిజ్య కమిషన్‌ 1992 నుంచీ మార్గదర్శక సూత్రాలలో చెబుతున్నది.

మన రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా ఇంట బీరు తయారీ ఎక్సైజు నేరం కనుక ఆ గిరాకీ ఇక్కడ లేదు. అయితే ఇవే ముడి సరుకులు భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్యల చెరువులకు, హేచరీలకు, పాల డెయిరీలకు అమ్ముడవుతున్నాయి. తయారీ తేదీ, అసలు మందు శాతం, మోసే పదార్థం పేరు, ఈ మూడింటినీ చూచి కొనే వర్తకుడికి అక్కడైనా ఇక్కడైనా సరకు తిరిగి వచ్చే బెడద తక్కువ.