పాతాళంలో కృష్ణ పదార్థం వేట

జొన్న చేనుకు రాత్రి కావలి ఉన్నవాళ్లకు ఒక సంగతి తెలుసు. బావి మీద మోటరు నడుస్తున్నంతసేపు చేలోకి అడవిపంది వచ్చినా చప్పుడు వినబడదు. కరెంటు పోయి మోటరు ఆగిందంటే ఆకు కదిలినా తెలుస్తుంది. మా నారాయణఖేడ్ పల్లెల్లో అందరూ ఎరిగిన ఈ చిన్న సంగతే నేటి భౌతికశాస్త్రంలో ఒక పెద్ద వేటకు ఆధారం. ఆ వేట కృష్ణ పదార్థం కోసం, అంటే డార్క్ మేటర్ కోసం.

1933లో జ్విక్కీ అనే శాస్త్రజ్ఞుడు కోమా అనే గెలాక్సీల గుంపును పరిశీలించాడు. అవి తిరిగే వేగానికి ఆ గుంపు ఎప్పుడో చెదిరిపోవాలి. కంటికి కనిపించే పదార్థపు ఆకర్షణ వాటిని పట్టి ఉంచటానికి చాలదు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిచి చూస్తే అంచున ఉన్న భాగాలు కూడా వేగం తగ్గకుండా తిరుగుతున్నాయి. కనబడనిదేదో పట్టి ఉంచుతోందన్నమాట. దాన్నే కృష్ణ పదార్థం అన్నారు. మనం ఎరిగిన పదార్థానికి ఇది సుమారు 5 రెట్లు ఉంటుందని లెక్క.

అది కణాల రూపంలో ఉంటే, ఎప్పుడో ఒక కణం ఏదో ఒక పరమాణు కేంద్రకాన్ని తగలాలి. తగిలితే పుట్టే వేడి అత్యల్పం. దాన్ని పట్టుకోవటం ఎట్లా? ఇక్కడే చలి పనికొస్తుంది. మామూలు వేడిలో స్ఫటికంలోని పరమాణువులు నిలకడ లేకుండా ఊగుతుంటాయి. మోటరు చప్పుడు అదే. చల్లబరిస్తే ఊగటం తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. అతిశీతల స్థితిలో ఉష్ణోగ్రత సగమైతే స్ఫటికపు ఉష్ణధారణ శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే అదే చిన్న దెబ్బకు ఉష్ణోగ్రత ఎనిమిది రెట్లు ఎక్కువగా పెరుగుతుంది.

ఎంత చలి కావాలి? పశువుల ఆసుపత్రిలో ఎద్దు వీర్యం నిలవ ఉంచే డబ్బా మూత తీస్తే తెల్లటి పొగ వస్తుంది కదా, ఆ ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీలు. పరమ శూన్యం మైనస్ 273 డిగ్రీలు. ఈ పరికరాలకు పరమ శూన్యం పైన డిగ్రీలో ఇరవయ్యో వంతు కూడా ఎక్కువే. అంత చలి కోసం హీలియం-3, హీలియం-4 అనే రెండు రకాల హీలియం కలిపి వాడతారు. కుండ పైనుంచి తడి ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరిచినట్టే, హీలియం-3 రెండోదానిలోకి దాటుతూ వేడిని లాగేస్తుంది.

చలి ఒక్కటే చాలదు. ఆకాశం నుంచి విశ్వకిరణాలు ఎడతెగకుండా పడుతుంటాయి. వాటిని ఆపటానికి భూగర్భంలోకి పోవాలి. ఈ దారి మనకు కొత్త కాదు. ఎన్నో తెలుగు కుటుంబాలు పనిచేసి బతికిన కోలారు బంగారు గనుల్లో, 2 కిలోమీటర్ల పైచిలుకు లోతున, 1965లోనే టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను పట్టారు. 2001లో ఆ గని మూతపడింది. 2017లో జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున కృష్ణ పదార్థం వేటకు ప్రయోగశాల తెరిచారు.

అతిశీతల పద్ధతిలో పేరుపొందింది అమెరికాలోని సి.డి.ఎమ్.ఎస్. ప్రయోగం. సూడాన్ అనే పాత ఇనుప గనిలో, సుమారు 700 మీటర్ల లోతున, పావుకిలో బరువైన జెర్మేనియం బిళ్లలను, వాటితోపాటు సిలికాన్ బిళ్లలను కాపలా పెట్టారు. ప్రతి దెబ్బకూ వేడినీ, విద్యుదావేశాన్నీ రెండింటినీ కొలుస్తారు. ఎలక్ట్రానుకు దెబ్బ తగిలితే ఆవేశం ఎక్కువ, కేంద్రకానికి తగిలితే తక్కువ. దీన్నిబట్టి దొంగ ఎవరో, దొర ఎవరో తెలుస్తుంది.

2009 డిసెంబరులో వారికి రెండు సంకేతాలు దొరికాయి. ప్రపంచమంతా చెవులు రిక్కించింది. కాని లెక్క వేస్తే, అవి మామూలు కల్తీ సంకేతాలే అయ్యే అవకాశం నూటికి 23 పాళ్లు ఉంది. ఏళ్ల తరబడి పాతాళంలో కాచిన మనుషులు "దొరికింది" అని చాటుకోలేదు. చాటుకొని ఉంటే పత్రికలన్నీ వాళ్లనే పొగిడేవి. తర్వాతి ప్రయోగానికి మరింత లోతుగా, కెనడాలో 2 కిలోమీటర్ల అడుగున ఉన్న స్నోల్యాబ్‌ను ఎంచుకున్నారు. ఈ బృందంలో భువనేశ్వర్‌లోని నైసర్ సంస్థ కూడా ఉంది.

ఇన్నాళ్లకూ ఆ కణం దొరకలేదు కదా, డబ్బు వృథా కాదా అని అడిగేవారున్నారు. అది ఎక్కడ లేదో, ఎంత బలహీనమో ప్రతి ప్రయోగమూ కొంత తేల్చింది. బోరు వేసి నీళ్లు పడని చోటు కూడా రైతుకు లెక్కే, మళ్లీ అక్కడ వేయడు. మన ల్యాబుల్లో అనుకున్న జవాబు రాకపోతే రీడింగులు దిద్దే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. ఆ రెండు సంకేతాల కథ చదివాక, వచ్చిన రీడింగే రాయాలనిపించింది. రేపు మనలో ఎవరైనా ఆ గనుల్లోకి దిగితే, వెంట తీసుకుపోవలసిన మొదటి పరికరం అదే.