ఆడపిల్ల మొదటి కోటు: ధర కంటే భుజం కొలతే ముఖ్యం

తెనాలి: మిర్చి ధర, పసుపు ధర రోజూ చెప్పుకునే ఇళ్లలో ఇప్పుడు కొత్త లెక్క ఒకటి వచ్చి చేరింది. అది ఆడపిల్ల కోటు ధర.

పెళ్లికొడుక్కి సూటు కుట్టించడం మన పల్లెలకు కొత్త కాదు. లాంఛనాల జాబితాలో సూటు ఉండి తీరవలసిందే. రిసెప్షను పూట వేసుకుని, ఫొటో దిగి, ఆపైన బీరువాలో వేలాడుతున్న సూట్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ ఖర్చును ఎవరూ దండగ అనరు. అదే చదువు పూర్తి కావస్తున్న కూతురు "ఇంటర్వ్యూకి కోటు కావాలి నాన్నా" అంటే మాత్రం ఇల్లంతా ఆలోచనలో పడుతుంది. ఎంతలో వస్తుంది? ఎక్కడ దొరుకుతుంది? అసలు ఆడపిల్లకు కోటేమిటి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు తెలియక కొందరు అనవసరంగా ఎక్కువ ఖర్చు పెడుతున్నారు. మరికొందరు ఒంటికి సరిపడని కోటుతో పిల్లను పంపి ఇబ్బంది పాలు చేస్తున్నారు.

ఆడవారి కోటు కొత్తదేమీ కాదు

మూడో ప్రశ్నకు జవాబు మన కోర్టు ఆవరణల్లోనే ఉంది. తెనాలిలో గాని, గుంటూరులో గాని కోర్టుకు వెళ్లినవారికి నల్లకోటు వేసుకున్న మహిళా న్యాయవాదులు కనబడుతూనే ఉంటారు. ఆడవారు న్యాయవాద వృత్తి చేపట్టడానికి మన దేశంలో 1923లో చట్టం ద్వారా అడ్డంకి తొలగింది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మహిళా న్యాయవాదులు చీర మీద గాని, చుడీదార్ కుర్తా మీద గాని నల్లకోటు, తెల్ల బ్యాండ్లు ధరించవచ్చు. మన ఎండలు తెలిసినవారు కనుక వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టులలో తప్ప మిగతా కోర్టులలో కోటు తప్పనిసరి కాదని కూడా ఆ నిబంధనల్లో పెట్టారు.

కోటు పుట్టిన దేశాల్లోనూ ఆడవారికి అది తేలికగా దక్కలేదు. ఇంగ్లండులో 1880ల నాటికి మగవారి దర్జీలు ఆడవారికి కూడా కోటు, పొడవాటి స్కర్టు కుట్టడం మొదలుపెట్టారు. ప్యాంటు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అమెరికా సెనేట్ సభలో మహిళా సభ్యులు ప్యాంటు వేసుకుని కూర్చోవడానికి 1993 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది ఇద్దరు మహిళా సెనేటర్లు, బార్బరా మికుల్‌స్కీ, కారొల్ మోస్లీ బ్రాన్, ప్యాంటుతోనే సభకు వచ్చారు. ఆ తరువాతే పద్ధతి మారింది. పారిస్ నగరంలో ఆడవారు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలని 1800లో పెట్టిన ఉత్తర్వు ఒకటి ఉండేది. ఎవరూ పాటించకపోయినా అది కాగితం మీద అలాగే ఉండిపోయింది. ఇక అది చెల్లదని అక్కడి ప్రభుత్వం 2013లో ప్రకటించింది. కాబట్టి ఆడపిల్ల కోటును చూసి నొసలు చిట్లించడం మన ఊరి అరుగుల మీదే జరుగుతున్నదని అనుకోనవసరం లేదు.

యాభై డాలర్ల సూటు

కోటు అడిగే ఆడపిల్లలూ, కొనిచ్చే తండ్రులూ తెలుసుకోవలసిన ఉదంతం ఒకటి ఉంది. చెన్నైలో పుట్టి పెరిగిన ఇంద్రా నూయీ 1978లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పై చదువుకు చేరారు. చేతిలో డబ్బు అంతంతమాత్రం. రాత్రిళ్లు రిసెప్షనిస్టుగా పనిచేస్తూ చదువుకున్నారు. సెలవుల ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చినప్పుడు, దాచుకున్న డబ్బులో 50 డాలర్లు పెట్టి చౌక దుకాణంలో ఒక సూటు కొన్నారు. అది ఆమె ఒంటికి అమరలేదు. ఆ వేషంలో లోపలికి వెళ్లేసరికి అక్కడివారు తనను వింతగా చూశారని, చిన్నతనంతో ఏడుపు వచ్చిందని ఆమే అనేకసార్లు చెప్పారు.

విశ్వవిద్యాలయంలో ఉద్యోగాల సలహాలిచ్చే అధికారిణి దగ్గరకు వెళ్లి గోడు వెళ్లబోసుకున్నారు. మీ దేశంలో అయితే ఏం కట్టుకుంటావని ఆమె అడిగారు. చీర అని నూయీ చెప్పారు. అయితే ఈసారి చీరే కట్టుకుని వెళ్లమని సలహా వచ్చింది. బూజ్ ఆలెన్ అనే సలహా సంస్థ ఇంటర్వ్యూకు ఆమె చీరతో వెళ్లారు. ఉద్యోగం వచ్చింది. ఆ సెలవులన్నీ చీరలోనే పనిచేశారు. ఆమే తరువాత 2006 నుంచి 2018 వరకు పెప్సీకో కంపెనీకి ప్రధాన అధికారిగా ఉన్నారు.

ఈ ఉదంతాన్ని బట్టి సూటు పనికిరాదని అనుకోరాదు. ఆమెను ఇబ్బంది పెట్టినది సూటు కాదు, అమరని సూటు. అందులో ఆమెకు ఊపిరాడలేదు. చీరలో ఆమె ఆమెలాగా ఉన్నారు.

ముందు అడిగి తెలుసుకోవాలి

దుకాణానికి బయలుదేరే ముందు, కోటు నిజంగా అవసరమా అని కనుక్కోవడం మంచిది. కళాశాలలో ఉద్యోగాల వ్యవహారం చూసే అధ్యాపకుడిని అడిగితే కంపెనీ ఏం కోరుతున్నదో చెబుతారు. "ఫార్మల్స్" అన్నంత మాత్రాన కోటే అని అర్థం కాదు. మన దేశంలో చాలా ఆఫీసులకు ఇస్త్రీ చేసిన నూలు చీర, లేదా ముదురు రంగు చుడీదార్ కుర్తా నిండుగా సరిపోతాయి. మంగళగిరి గుంట మగ్గాల మీద నేసిన నూలు గుడ్డ జిల్లాలోనే దొరుకుతుంది. దానితో కుట్టించిన కుర్తాకు పెద్ద ఆఫీసులోనూ వంక పెట్టేవారుండరు.

కోటు తప్పని సందర్భాలు లేకపోలేదు. ఎం.బి.ఎ. కళాశాలలు కొన్ని, పెద్ద హోటళ్లు కొన్ని కోటునే కోరతాయి. ఎం.ఎస్. చదువుకు అమెరికా వెళ్లే పిల్లలకు అక్కడి ఉద్యోగ మేళాలలో కోటుతో పని పడుతుంది. అక్కడ కుట్టు కూలి ఎక్కువ. చిన్న సవరణకు కూడా చాలా ఖర్చవుతుంది. అలాంటి పిల్లలు ఇక్కడే సరిగ్గా కుట్టించుకుని వెళ్లడం లాభం.

గుడ్డ ఎంపిక

రంగు విషయంలో తడబడనవసరం లేదు. నేవీ నీలం, ముదురు బూడిద రంగు ఈ రెండింటిలో ఏదైనా ఏ చొక్కా మీదికైనా, ఏ కుర్తా మీదికైనా కలుస్తుంది. నలుపు కూడా పనికివస్తుంది గాని, దాని మీద దుమ్ము, నూగు త్వరగా కనబడతాయి. దుకాణంలో ట్యూబులైటు కింద చూసిన రంగు బయట ఎండలో మరోలా ఉంటుంది. గుడ్డను గుమ్మం దాకా తెచ్చి చూడాలి. మెరుపు ఎక్కువగా ఉంటే వద్దనాలి.

తరువాత గుడ్డ చివరను పిడికిట్లో గట్టిగా నలిపి, నిమిషం ఆగి వదలాలి. ముడతలు చాలావరకు వాటంతట అవే పోతే మంచి గుడ్డ. పల్లె నుంచి బస్సులో పోయి కూర్చోవలసిన పిల్లకు ఈ పరీక్ష చాలా ముఖ్యం. అచ్చంగా పాలిస్టర్ అయితే ముడత పడదు గాని, మన ఎండలకు లోపల చెమట పోస్తుంది. ఉన్ని కొంత, పాలిస్టర్ కొంత కలిసిన పలుచని గుడ్డ మేలు. లోపలి లైనింగు వీపు పై సగానికే వేయమంటే గాలి ఆడుతుంది. 58 అంగుళాల వెడల్పు గుడ్డ సుమారు 3 మీటర్లు ఉంటే సామాన్యమైన ఒడ్డూ పొడుగూ ఉన్న అమ్మాయికి కోటు, ప్యాంటు రెండూ వస్తాయి. కచ్చితమైన కొలత దర్జీని అడిగాకే కోయించాలి.

భుజం దగ్గరే అసలు సంగతి

కోటులో సవరించడానికి వీలయినవీ, కానివీ ఉన్నాయి. చేతి పొడవు తగ్గించవచ్చు. నడుము దగ్గర పట్టించవచ్చు. భుజం మాత్రం తప్పితే తప్పినట్లే. దాన్ని సరిచేయాలంటే చేతులు, కాలరు విప్పి కోటంతా తిరిగి కుట్టినంత పని. అందుకే రెడీమేడ్ కోటు కొనేవారు ముందు భుజమే చూడాలి. చేయి కలిపిన కుట్టు భుజం ఎముక ముగిసిన చోట ఉండాలి. కిందికి జారితే అన్నయ్య కోటు వేసుకున్నట్లు ఉంటుంది. లోపలికి ఉంటే చేయి ఎత్తలేరు.

గుండీ పెట్టినప్పుడు ముందువైపు గుడ్డ లాగినట్లు అడ్డగీతలు పడితే ఛాతీ దగ్గర బిగుతుగా ఉందని అర్థం. చేయి వదిలినప్పుడు కోటు చేతి అంచు మణికట్టు దగ్గర ఆగాలి. లోపలి చొక్కా అంచు కాస్త కనబడితే బాగుంటుంది. ప్యాంటు పొడవు చెప్పుల్లేకుండా కొలిపించరాదు. ఇంటర్వ్యూకు ఏ జోడు వేసుకుంటారో ఆ జోడు వేసుకునే కొలిపించాలి.

అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు. కుర్చీలో కూర్చోవాలి. చేయి చాచి ఎదుటివారికి కాగితం అందించినట్లు చూడాలి. బస్సులో పైకమ్మీ పట్టుకున్నట్లు చేయి ఎత్తాలి. రెండు మెట్లు ఎక్కి దిగాలి. ఇందులో ఎక్కడ పట్టేసినా ఆ కోటు వద్దు. దుకాణదారు "వేసుకోగా వేసుకోగా సాగుతుందమ్మా" అంటే నమ్మరాదు. కోటు గుడ్డ అంతగా సాగదు.

దర్జీ చేతనా, రెడీమేడా?

రెడీమేడ్ కోట్లు 2 వేల రూపాయల లోపు నుంచి 10 వేలు దాటిన వాటి దాకా ఉన్నాయి. తక్కువ ధరదైనా భుజం అమరితే, మిగతాది ఊరి దర్జీ చేత సరిచేయించుకోవచ్చు. ఎక్కువ ధరదైనా భుజం అమరకపోతే ఆ డబ్బు వృథా.

కుట్టించుకోవడంలో ఒక చిక్కు ఉంది. మగవారి సూట్లు కుట్టే దర్జీలకు ఆడవారి కోటులో డాట్లు ఎక్కడ రావాలో అంతగా అలవాటు ఉండదు. జాకెట్లు కుట్టేవారికి కోటు కాలరు, లోపలి కాన్వాసు పని అలవాటు ఉండదు. అందుచేత ఇంతకు ముందు కుట్టిన ఆడవారి కోటు ఒకటి చూపించమని అడగడంలో తప్పు లేదు. కచ్చా కుట్టు మీద ఒకసారి వేసి చూపించమనాలి. లోపలి కుట్లలో అంగుళం గుడ్డ మిగల్చమంటే, రేపు ఒళ్లు చేసినా కోటు పనికివస్తుంది. తేదీకి మూడు వారాల ముందే గుడ్డ ఇవ్వాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఇంకా ముందు.

జేబుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆడవారి రెడీమేడ్ కోట్లలో కొన్నింటికి పైకి జేబులాగా ఉంటుందే గాని లోపల సంచి ఉండదు. కలము, సెల్‌ఫోను పెట్టుకునే జేబు మగవారికి ఎంత అవసరమో ఆడవారికీ అంతే. దర్జీకి ఆ మాట ముందే చెప్పాలి. కొన్న కోటుకు జేబు మూసి కుట్టి ఉంటే వేలితో తడిమి చూసి, లోపల సంచి ఉంటేనే ఆ దారం విప్పుకోవచ్చు. వెనుక చీలిక మీద గుణకారం గుర్తులా వేసిన దారం, చేతి మీద కుట్టిన కంపెనీ గుడ్డ ముక్క ఇంటికి తెచ్చాక తీసేయాలి. అవి అమ్మకం దాకానే. తెలియక అలాగే వేసుకువెళ్లేవారు ఉన్నారు.

అప్పు చేసి కొనవద్దు

ఒక కోటు, దానికి కలిసే ప్యాంటు ఒకటి, చొక్కాలు రెండు ఉంటే మొదటి ఉద్యోగం వచ్చేదాకా గడిచిపోతుంది. దీనికోసం రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పట్నం షోరూముల్లో పోయడం అనవసరం. గుండీల మీద పేరు చూసి ఉద్యోగం ఇచ్చేవారు లేరు.

పై తరగతి అమ్మాయిల కోటు అడిగి వేసుకునే అలవాటు కూడా వసతి గృహాల్లో ఉంది. అమరితే మంచిదే. అమరకపోతే "ఎరువు సొమ్ము బరువు చేటు" అన్న పెద్దల మాట నిజమవుతుంది. ఇంటర్వ్యూ గదిలో చేతులు ముడుచుకుని కోటును సర్దుకుంటూ కూర్చునే పిల్ల, తెలిసిన జవాబు కూడా చెప్పలేదు. అంతకంటే సొంత చుడీదారే నయం.

కోటును ఇంట్లో నీళ్లలో ముంచి ఉతకరాదు. లోపల అతికించిన కాన్వాసు ఊడి పొక్కులు లేస్తుంది. బ్రష్షుతో దుమ్ము దులిపి, తడిగుడ్డ పైన వేసి ఇస్త్రీ చేయాలి. నేరుగా ఇస్త్రీ పెట్టె ఆనిస్తే గుడ్డ మీద మెరుపు వస్తుంది. కలరా ఉండలు వేసి దాచినవారు ఇంటర్వ్యూకు రెండు రోజుల ముందే తీసి నీడపట్టున ఆరవేయాలి.

కోటు ఎంపికలో అమ్మాయి మాటకు విలువ ఇవ్వడం అన్నిటికంటే అవసరం. గదిలోకి వెళ్లేది తండ్రీ కాదు, అన్నా కాదు. తొడిగి చూసి ఇది చాలు అని ఆమె అన్నదే తీసుకోవాలి. ఆ రోజు దాకా సంచిలో దాచకుండా, ముందు రెండు మూడు సాయంత్రాలు వేసుకుని వీధి చివరి దాకా నడిచి రావడం మంచిది. మొదటి రోజు అరుగుల మీది వాళ్లు చూస్తారు. మూడో రోజుకు ఎవరూ తల తిప్పరు. ఆమెకూ అది ఒంటి మీద ఉన్న సంగతి గుర్తుండదు.