వార్తల్లో పదం: ఆపరేషన్ పరివర్తన

విశాఖ మన్యంలో (నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా) గంజాయి సాగును నిర్మూలించేందుకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు 2021 చివర్లో చేపట్టిన కార్యక్రమమిది. వేల ఎకరాల్లో మొక్కలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపాన సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. కాలిఫోర్నియాలో 2018 నుంచి పెద్దలకు దుకాణాల్లోనే అమ్ముతున్న ఈ మొక్కను ఇక్కడ పెంచితే 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ (ఎన్‌డీపీఎస్) చట్టం కింద పదేళ్ల వరకు జైలు. రవాణాలో పట్టుబడిన సరుకు 20 కిలోలు మించితే కనీస శిక్షే పదేళ్లు. పెట్టుబడి పెట్టే బయటి వ్యాపారి తప్పించుకుంటే, మూట మోసిన గిరిజన యువకుడు జైలుపాలవుతాడు. అన్యాయమైన లెక్క ఇది. ప్రత్యామ్నాయ పంటలైన కాఫీ, మిరియాలు, రాజ్‌మాకు గిట్టుబాటు ధర దక్కకపోతే నరికివేత ఒక్కటే చాలదు. 2024 నవంబరులో రాష్ట్రం మాదకద్రవ్యాల కట్టడికి ‘ఈగల్’ విభాగాన్ని ఏర్పాటు చేసింది. గంజాయి సమాచారాన్ని 1972 నంబరుకు తెలపవచ్చు.