బెండకాయ తింటే లెక్కలొస్తాయా?
మెదడుకు అసలైన మేత మీ వంటింట్లోనే!

“బెండకాయ తిను నాన్నా, లెక్కలు బాగా వస్తాయి!” ఈ మాట అనని తల్లి మన తెలుగునాట ఉండదేమో! పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చాలు, కంచంలో బెండకాయ వేపుడు, అల్మారాలో జ్ఞాపకశక్తి టానిక్కు సీసా ప్రత్యక్షమవుతాయి. బెండకాయ మంచి కూరే. అందులో పీచు ఉంది, ఫోలేట్ అనే విటమిన్ ఉంది. అంతేగానీ లెక్కలు నేర్పే మహిమ మాత్రం దానికి లేదు. ఏ ఒక్క పదార్థమూ నాలుగు రోజుల్లో తెలివిని పెంచలేదు. మెదడుకు కావలసింది వేళకు తిండి, అదీ ఏడాది పొడవునా!

పని ఎక్కువ, నిల్వ తక్కువ

పెద్దవారి మెదడు సుమారు 1.4 కిలోలు ఉంటుంది. అంటే శరీరం బరువులో 2 శాతం మాత్రమే. అయినా మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. మనం నిద్రపోయినా దానికి సెలవు లేదు. ఐదేళ్ల పిల్లల్లోనైతే రోజు మొత్తం శక్తిలో మెదడు వాటా 40 శాతం దాకా ఉంటుంది.

మెదడుకు ముఖ్యమైన ఇంధనం గ్లూకోజు. రోజుకు సుమారు 120 గ్రాములు కావాలి. కండరాల్లాగా మెదడు దీన్ని పెద్దగా దాచుకోలేదు. రక్తం ఎప్పటికప్పుడు మోసుకు రావలసిందే. రాత్రంతా కాలేయం తన నిల్వలోంచి సర్దుతుంది. తెల్లారేసరికి ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది. అలాంటప్పుడు గ్లాసుడు టీ తాగి బడికి పరుగెత్తిన పిల్లవాడు పాఠం మీద మనసు పెట్టలేకపోతే “మొద్దు” అని తిట్టి ఏం లాభం?

గ్లూకోజే కదా అని పంచదార, బిస్కెట్లు పెట్టకండి. అవి చప్పున అరిగిపోయి మళ్లీ ఆకలి వేయిస్తాయి. ఇడ్లీ-సాంబారు, పెసరట్టు, గుడ్డుతో రొట్టె, వేరుశనగ పప్పులు వేసిన ఉప్మా... ఇలా పిండిపదార్థానికి మాంసకృత్తులు తోడైతే శక్తి నిదానంగా, నిలకడగా అందుతుంది.

ఇంట్లో షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడే పెద్దవారుంటే వారి విషయంలో మరింత జాగ్రత్త. మందు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోయి తికమకగా మాట్లాడవచ్చు, స్పృహ తప్పవచ్చు.

మన భీమవరం బిడ్డ

మన ఒంట్లో ప్రతి కణమూ తిండిలోని శక్తిని ఏటీపీ అనే రూపంలో వాడుకుంటుంది. 1929లో దాన్ని వెలుగులోకి తెచ్చిన శాస్త్రవేత్తల్లో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఫోలిక్ ఆసిడ్‌ను 1945లో కృత్రిమంగా తయారు చేసిన బృందానికి మార్గదర్శకులు కూడా ఆయనే.

ఈ ఫోలిక్ ఆసిడ్‌తో ఆడవాళ్లకు పెద్ద పనే ఉంది. కడుపులోని బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ పునాది మొదటి 28 రోజుల్లోనే పడుతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు! అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టమంటారు డాక్టర్లు. ఆకుకూరలు, పెసలు, శనగల్లోనూ ఫోలేట్ ఉంటుంది. అయితే ఆ సమయంలో మాత్ర మానకూడదు.

మరి మీ సంగతేమిటి?

పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం, గదిలోకి ఎందుకు వచ్చామో గుర్తు రాకపోవడం, మధ్యాహ్నానికే నీరసం... “వయసు మీద పడుతోంది” అని నవ్వేస్తున్నారా? ఒక్కసారి రక్త పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు ఇదే పరిస్థితి.

మెదడుకు ప్రాణవాయువును చేరవేసేది రక్తంలోని హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. అందరికీ వడ్డించి, అడుగున మిగిలిన అన్నంలో పచ్చడి, మజ్జిగ కలుపుకుని లేచిపోతే ఆ ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది? తోటకూర పప్పు, నువ్వులు, శనగలు, అలసందలు తినండి. మాంసాహారులైతే మాంసం, చేపలు మరీ మంచివి. పప్పులోకో కూరలోకో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనమైన వెంటనే కాఫీ, టీలు తాగితే అంతగా పట్టదు. కనీసం గంట ఆగండి.

శాకాహారులు బి12 విటమిన్‌ను మరవకూడదు. ఇది తక్కువైతే మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు రావచ్చు. మొక్కల నుంచి ఇది దొరకదు కాబట్టి పాలు, పెరుగు తప్పనిసరి. లోపం ఉందని తేలితే డాక్టరు చెప్పిన మందు వాడాలి.

గుర్తుంచుకోండి

* అయోడిన్ ఉప్పే వాడండి. కడుపులోని బిడ్డ మెదడు ఎదగడానికి అయోడిన్ చాలా ముఖ్యం. ఉప్పును మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా ఉంచండి.
* చేపలు తినేవారు వారానికి ఒకటి రెండుసార్లు తినండి. మెదడుకు కావలసిన మంచి కొవ్వు వాటిలో ఉంటుంది. తినని వారు అవిసె గింజలు దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు చేర్చి కారప్పొడి కొట్టుకోండి. చేపలకు పూర్తిగా సాటి రాదుగానీ మేలే.
* బడి నుంచి వచ్చిన పిల్లలకు చిప్స్ బదులు శనగ గుగ్గిళ్లు, నువ్వుండ, అరటిపండు ఇవ్వండి.
* నీళ్లు తక్కువైనా తలనొప్పి, పరధ్యానం వస్తాయి. బడి సంచిలో నీళ్ల సీసా మరవకండి.

పిల్లల చదువు కోసం, ఆయన ఆరోగ్యం కోసం ఇంత ఆలోచించే మీరు మీ కంచం సంగతీ పట్టించుకోండి. ఈ రాత్రి అందరితోపాటే కూర్చుని, గరిటెడు పప్పు మీరూ వేసుకోండి. ఇల్లంతటినీ నడిపే మెదడు మీదే కదా!