అంబాసిడరు, పద్మిని: రెండు పాత కార్ల తారతమ్యము

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరులమీదుగా కుప్పము పోవు బాటలో, దేశమంతటను వలెనే, ఒకప్పుడు అంబాసిడరు, పద్మిని అను కార్లు విశేషముగా తిరుగుచుండెడివి. వీనిలో ఏది మేలైనదని విద్యార్థులు వాదించుకొనుట కలదు. బండి బలమునుమాత్రమే చూచి తీర్పుచెప్పుట చాలదనియు, దాని పోషణమునుగూడ విచారింపవలెననియు మా యభిప్రాయము.

అంబాసిడరు ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి నిర్మింపబడినది. హిందూస్థాన్ మోటార్సువారు దీనిని బెంగాలులోని ఉత్తరపారాలో 1957 మొదలు 2014 వరకు తయారుచేసిరి. పద్మిని ఇటలీ దేశపు ఫియట్ 1100 సంతతిలోనిది. బొంబాయిలోని ప్రీమియరు ఆటోమొబైల్సువారు 1964లో దీనిని ఫియట్ 1100 డిలైటు అను పేర వెలువరించి, పిమ్మట పద్మిని యని పేరుమార్చి, ఇంచుమించుగా 2000 వరకు తయారుచేసిరి.

అంబాసిడరులో చిరకాలము వాడబడిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. పద్మినిది 1089 మాత్రమే. మొదటిది బరువైనది, విశాలమైనది. పెద్ద కుటుంబమును సామానుతోగూడ గతుకుల దారిని మోయుటకు అదియే తగినది. రెండవది తేలికైనది, ఇరుకు బజారులో సులభముగా మలుగును, పెట్రోలును తక్కువగా త్రాగును. కాని పరిమితికి మించి జనమును ఎక్కించి మెరకలెక్కించినచో దాని చిన్న ఇంజను త్వరగా వేడెక్కును.

ఇక పోషణము. అంబాసిడరు ముందుచక్రముల కీళ్లకు వేళతప్పక గ్రీజు పెట్టవలెను. లేనిచో అవి అరిగి, స్టీరింగు బిగిసిపోవును. రెండింటి రేడియేటర్లలోను ఉప్పునీరు పోయరాదు. అట్టి నీటివలన లోపల సున్నపుపొర పేరుకొని, సన్నని గొట్టములు పూడి, ఇంజను చల్లబడకుండును. మా ప్రాంతపు దుమ్ములో గాలిజల్లెడనుగూడ తరచుగా శుభ్రపరుపవలెను.

ప్రాణాపాయము కలిగించునవి రెండు గలవు. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరు గొట్టములను చెరచును. పెట్రోలు కారి వేడి ఇంజనుపై పడినచో నిప్పంటుకొనవచ్చును. కావున ఇథనాలునకు ఓర్చు గొట్టములను అమర్చవలెను. రెండవది బ్రేకులు. పాత డ్రమ్ము బ్రేకులను ఎడతెగక త్రొక్కినచో అవి కాగి పట్టు సడలును. పలమనేరునుండి చిత్తూరునకు మొగిలి కనుమ దిగునపుడు, ఇంజనే వేగమును అణచునట్లు తక్కువ గేరులో పోవలెను.

సొంత కారునకు 15 ఏండ్లు నిండిన పిదప, దాని యోగ్యతను పరీక్షించి, 5 ఏండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగింతురు. ఆ పరీక్షలో కారు పేరుగాని ఇంజను పరిమాణముగాని అక్కరకు రాదు. పెద్ద సంసారమునకు అంబాసిడరు, చిన్న సంసారమునకు పద్మిని తగునని చెప్పవచ్చును. కాని శ్రద్ధ చాలనివానికి రెండును తగవు.