ఓడ దొరకని జీవి

నోవహు దినాలలో జలప్రళయం రానున్నప్పుడు దేవుడు మనుషులను మాత్రమే కాదు, ప్రతి జాతి జీవినీ ఓడలోనికి చేర్చమన్నాడు. సండేస్కూలు రోజుల నుంచీ మనం వింటున్న సంగతే ఇది. అయితే మన కాలంలోనే నీళ్లు చుట్టుముట్టి, ఓడ దొరకక నశించిపోయిన ఒక చిన్న జీవి గురించి మనలో ఎందరికి తెలుసు?

ఆస్ట్రేలియాకూ పాపువా న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అనే ఇసుక దీవి ఉంది. విస్తీర్ణం సుమారు పది ఎకరాలు. ఎత్తు సముద్ర మట్టానికి మూడు మీటర్లు. మెలోమిస్ అనే ఎలుకల్లో ఒక జాతి ఆ దీవిలో తప్ప లోకంలో మరెక్కడా కనిపించలేదు. అక్కడి మొక్కలే దానికి తిండి, నీడ. సముద్ర మట్టం పెరిగి, తుపాను అలలు పదేపదే ముంచెత్తడంతో ఆ పచ్చదనం దాదాపుగా కొట్టుకుపోయింది. ఆ ఎలుకను కాపాడేందుకు 2008లోనే ప్రణాళిక రాశారు. 2009లో ఒక జాలరి కంటపడిందే చివరిది. పట్టి తెచ్చి పెంచుదామని 2014లో వెళ్లేసరికి ఒక్కటీ మిగల్లేదు. 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అది అంతరించిపోయిందని ప్రకటించింది. మనుషుల వల్ల వచ్చిన వాతావరణ మార్పుకు బలైన తొలి క్షీరదం ఇదేనని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

లోకం వేడెక్కుతున్న కొద్దీ కదలగలిగిన జీవులు చోటు మారుతున్నాయి. ఒకప్పుడు ఎక్కువగా కేరళ, కర్ణాటక తీరాల్లోనే దొరికిన నూనె కవళ్లు 1980ల తర్వాత తమిళనాడులోనూ, మన కోస్తా జాలర్ల వలల్లోనూ పడసాగాయి. సముద్రం వేడెక్కడం ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. చేపకు ఈదిపోయే దారి ఉంది. దీవిలోని ఎలుకకూ, కొండ శిఖరం మీది మొక్కకూ ఆ దారి లేదు.

‘ఎలుకే కదా!’ అని మనం అనుకోవచ్చు. కానీ దేవుడు ఓడలోనికి పవిత్రమైనవాటినే ఏరి పిలవలేదు, అపవిత్రమైనవాటినీ పిలిచాడు. మనకు ఉపయోగమా కాదా అన్నది ఆయన లెక్కలోనే లేదు. ఇంకో మాట. నోవహు వాన మొదలయ్యాక కాదు, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే ఓడ కట్టాడు. బ్రాంబుల్ కే విషయంలో మనుషులకు ప్రమాదం తెలుసు, చేయవలసినదీ తెలుసు. ఆలస్యం ఒక్కటే అడ్డొచ్చింది.

సృష్టిని కాయమని దేవుడు మనకు అప్పగించాడని నమ్ముతున్నాం. నమ్మినవాళ్లం ఓడ ఎప్పుడు కడదాం?