తోడేలు ఇంటి పసికూనలు

కర్నూలు జిల్లా కృష్ణగిరి నుంచి ఆదోని, ఎమ్మిగనూరు దాకా పరుచుకున్న నల్లరేగడిలో చలి దిగేసరికి శనగ చేలు పచ్చబడతాయి. ఈ మెట్టనేలల తోడేలుకు అది పురుటి కాలం. మంచుకొండల తోడేళ్లు వసంతంలో ఈనితే, మన దక్కను తోడేలు ఎక్కువగా చలికాలంలోనే ఈనుతుంది.

చూలు రెండు నెలలు. వంకగట్టున తవ్విన బొరియలోనో, బండల సందునో పుట్టిన కూనలు దాదాపు రెండు వారాలకు కళ్లు విప్పుతాయి. మూడో వారంలో తడబడుతూ గుమ్మం దాకా వస్తాయి. అసలు వింత అక్కడే. వేట నుంచి తండ్రి తిరిగి రాగానే కూనలన్నీ దాని మూతి మీదికి ఎగబడతాయి. కుయ్యికుయ్యిమంటూ పెదవుల మూలలు నాకుతాయి, చిన్నగా కొరుకుతాయి. తండ్రి తల వంచుతుంది. డొక్కలు ఒకసారి, మరొకసారి ముడుచుకుంటాయి. కడుపులో మోసుకొచ్చిన మాంసం వెచ్చవెచ్చగా నేలమీద పడుతుంది. నిరుడు పుట్టిన అన్నలూ అక్కలూ అంతే, తమ పొట్టలోది తమ్ముళ్లకు కక్కి పెడతాయి, తల్లి బయటికి వెళితే బొరియ దగ్గర కాపలా ఉంటాయి. ఉమ్మడి కుటుంబమంటే ఇదే కదా!

ఇంత కలివిడి జీవికి క్రూరమైన పేరు రావడంలో బోనుకూ వాటా ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో ఒకే ఆవరణలో ఉంచిన తోడేళ్లను గమనించి, 1947లో రుడాల్ఫ్ షెంకెల్ వాటి పెత్తనం పోరు గురించి రాశాడు. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1970 నాటి పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. ఆ మెక్కే అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, 1999లో దాన్ని సరిదిద్దాడు: గుంపు అంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలు. అడవిలో ఎదిగిన పిల్ల ఇల్లు విడిచి వెళ్లి జోడును వెతుక్కుంటుంది. కంచె లోపల వెళ్లే దారి ఉండదు, అందుకే కొట్లాటలు.

కాబట్టి జూలో తోడేలును పెంచడమంటే దాని కుటుంబాన్ని కాపాడడమే. తవ్వుకోవడానికి మట్టిదిబ్బ, దాక్కోవడానికి చాటు, ఈనిన రోజుల్లో జనం అలికిడి లేని నిశ్శబ్దం ఉండాలి. బెదిరితే తల్లి కూనల్ని నోట కరుచుకుని చోటు మారుస్తూనే ఉంటుంది. తండ్రిని దూరం చేయకూడదు. ఎదిగిన పిల్లలకు వేరే చోటు చూడాలి. కుక్కల నుంచి సోకే డిస్టెంపర్, పార్వో వైరస్‌ల మీద ఎప్పుడూ కన్నేసి ఉంచాలి.

అయినా తోడేలుకు అసలైన ఇల్లు బీడు భూమే. దేశంలో మిగిలినవి సుమారు 3 వేలు. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యం 614 హెక్టార్లలో వీటికీ నీడనిచ్చింది. తుంగభద్రకు అవతల గంగావతి తాలూకా బంకాపురలో కర్ణాటక ఏకంగా తోడేళ్ల కోసమే అభయారణ్యం ప్రకటించింది. మన పడమటి కర్నూలు బీళ్లకూ అలాంటి రక్షణ కావాలి.

మంద కాసే అన్నలకు ఒక మనవి. గొర్రెపిల్ల పోతే కలిగే నష్టం చిన్నది కాదు, దానికి పరిహారం దక్కాల్సిందే. కానీ బొరియలో కూనలు కనిపిస్తే పొగ పెట్టకండి, రాళ్లతో మూయకండి, ఇంటికి ఎత్తుకు రాకండి. పక్కకు తప్పుకుని అటవీశాఖ వాళ్లకు కబురు చేయండి.